చిట్టా రాయడం బడిలోనే నేర్పుదాం

జార్జి టౌన్‌లో మా తరగతుల్లో టిఫిన్ బండ్లవాళ్ల పిల్లలున్నారు, పూలకొట్లవాళ్ల పిల్లలున్నారు, ఆండర్సన్ వీధి కాగితం కొట్లలో పనిచేసేవాళ్ల పిల్లలున్నారు. పరీక్షలో చక్రవడ్డీ లెక్క చేసే పిల్లవాడికి వాళ్ల నాన్న కడుతున్న వడ్డీ ఎంతో తెలియదు. బడి సరిదిద్దాల్సిన లోపం ఇదే.

మన వీధుల్లో తండల్ అప్పు తెలియనివారు లేరు. 10,000 అని రాసుకుని చేతికి 9,000 ఇస్తారు. రోజుకు 100 చొప్పున 100 రోజులు కట్టాలి. వడ్డీ వెయ్యే కదా అనిపిస్తుంది. కానీ అసలు రోజూ తగ్గుతుంది కాబట్టి సగటున మన దగ్గర ఉండేది సుమారు 4,500 మాత్రమే. దానికి 100 రోజులకు వెయ్యి అంటే, ఏడాదికి 75 శాతం పైమాటే!

ముద్రా పథకం శిశు విభాగంలో 50,000 వరకు హామీ లేకుండా అప్పు దొరుకుతుంది. కానీ రోజుకు అమ్మకం ఎంత, మిగిలేది ఎంత అని బ్యాంకులో అడిగితే? చిట్టా రాయని కొట్టులో జవాబు ఉండదు. ఇంటి బియ్యం, బడి ఫీజు, పెళ్లి చదివింపులు అన్నీ గల్లాపెట్టెలోంచే పోతుంటే లాభమో నష్టమో ఎవరికి తెలుస్తుంది? తెల్లవారుజామున లేచి పిండి రుబ్బే అమ్మ కూలిని ఖర్చులో రాయకపోతే, నష్టాన్నే లాభం అనుకుంటాం.

కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. 1914లో తంబుచెట్టి వీధి నుంచి ఆంధ్రపత్రిక దినపత్రిక వెలువడిందంటే, దాని వెనుక ఆ నొప్పి మందు మిగులు ఉంది. మిగులు ఎంతో తెలిసినవారే దాన్ని మరో మంచి పనికి పెట్టగలరు.

అందుకే తొమ్మిదో తరగతిలో వారానికి ఒక్క పీరియడు చిట్టా, ఆవర్జాలకు ఇద్దామని తోటి ఉపాధ్యాయులను కోరుతున్నాం. జమ, ఖర్చు, అరువు, సరుకు నిల్వ అనే నాలుగు గళ్ల నోటుబుక్కు చాలు. ఇంట్లో మాట్లాడే తెలుగులోనే నేర్పితే, ఆ సాయంత్రమే అమ్మానాన్నలతో కూర్చుని రాయగలరు.

“మా కష్టం మాతోనే పోవాలి, పిల్లలు ఉద్యోగం చేయాలి” అంటారు తల్లిదండ్రులు. అలాగే కానివ్వండి. జీతం వచ్చినా లెక్క కావాలి కదా! ఈ నెల నుంచే రోజూ రాత్రి పది నిమిషాలు కొట్టు లెక్క మీ పిల్లల చేత రాయించండి. తప్పులుంటే దిద్దడానికి మేమున్నాం.