హెచ్చరిక దీపము నార్పుట మరమ్మతు కాదు

జమ్మికుంట, కరీంనగరముల నడుమ కిరాయికారు నడుపువానికి బండి నిలిచిన దినము సంపాదన లేని దినము. కావున ఇంజను హెచ్చరిక దీపము వెలుగగానే బ్యాటరీ తీగ నూడదీసి, మరల తగిలించి, దాని నార్పువారు కలరు. పలకమీది తప్పులెక్కను తుడిచినంతమాత్రమున లెక్క వచ్చినట్లగునా?

మన దేశమున భారత్ స్టేజ్-4 కార్లకు 2013 ఏప్రిల్ నుండి ఓబీడీ-2 అను స్వయంపరీక్షా విధానము నియమింపబడెను. అది దోషమునకు సంకేతసంఖ్య నిచ్చునే గాని, చెడిన భాగమును చూపదు. పీ-0171 అనగా గాలికి తగినంత ఇంధనము చాలుట లేదని యర్థము. అందులకు చీలిన గాలిగొట్టము కారణము కావచ్చును, పూడిన ఇంధనపు ఫిల్టరును కావచ్చును. పరీక్షింపక సెన్సారును మార్చినచో సొమ్ము పోవును, దోషము నిలుచును.

బ్యాటరీ దీపము విషయమును అట్టిదే. ఇంజను ఆగియున్నపుడు నిండు బ్యాటరీయందు సుమారు 12.6 వోల్టులుండును, నడచునపుడు సాధారణముగా 14కు దాపున నుండవలెను. అట్లు పెరుగనిచో ముందుగా బెల్టును, తీగలను, పిదప ఆల్టర్నేటరును చూడవలెను. ఎఱ్ఱని ఆయిలు దీపము వెలిగినను, ఇంజను దీపము మినుకుమినుకుమనినను బండిని వెంటనే యాపవలెను.

విద్యార్థులారా, మీలో మెకానిక్కులు కాగోరువారు మొదట కొలుచుట నేర్వుడు, పిదప విప్పుట నేర్వుడు. తలిదండ్రులును ఏ భాగమునకైన వెల చెల్లించుటకు ముందు “ఏమి కొలిచితివి?” అని యడుగవలెను.