పోగు కనబడితే చాలునా?

మన భివండిలో 40 దాటిన నేతగాణ్ణి కళ్లెలా ఉన్నాయని అడిగితే, "పోగు కనబడుతూనే ఉంది గదా" అంటాడు. కనబడని నాడు బజారులో నాలుగు కళ్లద్దాలు పెట్టి చూసి, నచ్చినవి కొనుక్కొని మళ్లీ సాంచా దగ్గర నిలబడతాడు.

అద్దాలు పెట్టుకోవడం మంచిదే. వయస్సుతో కంటిలోని కటకం బిరుసెక్కి దగ్గరి చూపు మందగిస్తుంది. అస్సాం తేయాకు తోటల్లో 40 దాటిన 751 మంది కూలీలపై జరిపిన పరిశోధన 2018లో వెలువడింది. అద్దాలు పొందినవారి పని, పొందనివారికంటె అయిదోవంతుకు పైగా పెరిగింది. ఆకు కోయడానికే అంత తేడా వస్తే, తెగిన పడుగు పోగు వెదకి ముడివేసేవాడి సంగతి చెప్పాలా!

అయితే పోగు కనబడగానే కన్ను బాగున్నదనుకోవడమే చిక్కు. గ్లాకోమా, అంటే నీటికాసులు, చాలామందిలో నొప్పి తెలియకుండానే కంటినుండి మెదడుకు పోయే నరాన్ని తినివేస్తుంది. మొదట తరిగేది పక్కచూపు. నడిమి చూపు చాలాకాలం నిలుస్తుంది. కనుక ఎదుటి పోగు చక్కగా కనబడుతూనే ఉంటుంది. పోయిన చూపు తిరిగి రాదు. ముందుగా కనిపెడితే చుక్కలమందుతో చాలామంది మిగిలిన చూపును నిలుపుకోగలరు.

నూలు దుమ్ము పడి కళ్లు ఎర్రబడితే, మందుల దుకాణంలో అడిగి చుక్కలు తెచ్చుకోవడం మరొక అలవాటు. అందులో స్టెరాయిడ్ ఉంటే దురద ఇట్టే పోతుంది. అందుకే దానిపై మోజు. నెలల తరబడి వేస్తే దానివల్లనే నీటికాసులూ, శుక్లమూ రావచ్చు. గూట్లో అటువంటి సీసా ఉంటే వైద్యునికి చూపండి.

40 దాటినవారు రెండేళ్లకొకసారైనా, చక్కెరవ్యాధి ఉన్నవారు ఏటేటా కంటివైద్యుణ్ణి చూడాలి. అక్షరాల పలక చదివించి పంపితే పరీక్ష అయినట్లు కాదు. కంటిలోని ఒత్తిడి కొలవాలి, వెనుకనున్న నరాన్నీ పొరనూ చూడాలి. ఒత్తిడి మామూలుగా ఉన్నా నరం చెడేవారున్నారు. తల్లిదండ్రులకుగాని, తోబుట్టువులకుగాని నీటికాసులుంటే ఆ మాట ముందే చెప్పండి. ఊళ్లోని పెద్దలు తెలంగాణలో 2018లో మొదలైన కంటి వెలుగు శిబిరానికి వెళ్లి ఉంటే, అద్దాలిచ్చి పంపారా, పెద్దాసుపత్రికి వెళ్లమన్నారా అని అడిగి తెలుసుకోండి.

కంటిపాప పెద్దదయ్యే మందు వేస్తే కొన్ని గంటలు దగ్గరివి మసకగా ఉంటాయి, వెలుతురు గుచ్చుకుంటుంది. ఆ పూట సాంచా దగ్గరకు పోవద్దు, బండి నడపవద్దు. ఇంట్లో ఒకరిని తోడు తీసుకొని వెళ్లండి.