పరుగుకీ యుద్ధానికీ మధ్య

మూడు పుస్తకాల వరసలో రెండోదానికి ఎప్పుడూ చిన్నచూపే. మొదటిది కొత్త లోకాన్ని చూపిస్తుంది, మూడోది కథ తేలుస్తుంది, నడిమిది వాటి మధ్య ఖాళీ పూడ్చడానికే ఉందన్న మాట తరచూ వింటాం. పిల్లలు కూడా అదే నమ్మి, మూడోదాని తొందరలో రెండోదాన్ని గబగబా తిప్పేస్తారు. టీనేజీ పిల్లల సైన్స్ ఫిక్షన్ విషయంలో ఈ అభిప్రాయం తప్పని నా వాదన. ఈ కోవలో పేరుపడ్డ వరసలను వరుసగా చదివితే ఒక సంగతి తెలుస్తుంది. మొదటి పుస్తకంలో పిల్లలు ఎలాగోలా ప్రాణాలు దక్కించుకుంటారు. మూడోదాంట్లో తిరగబడతారు. దుర్మార్గపు ఏలుబడి కింద రోజూ నిద్ర లేచి, పనికి పోయి, ఎవరికో తల వంచి, ఏదో ఒకటి తిని పడుకోవడం మనిషిని ఏం చేస్తుందో చెప్పేది నడిమి పుస్తకమే.

సుజాన్ కాలిన్స్ రాసిన ‘ది హంగర్ గేమ్స్’ 2008లో వచ్చింది. పిల్లల్ని ఒకరినొకరు చంపుకోమనే పోటీలో కాట్నిస్, పీటా ఇద్దరూ బతికి బయటపడటంతో అది ముగుస్తుంది. గెలిచారు కదా, ఇంకేముందని అడిగేవాళ్లకు మరుసటి ఏడు వచ్చిన ‘క్యాచింగ్ ఫైర్’ జవాబు చెబుతుంది. అధ్యక్షుడు స్నో నేరుగా కాట్నిస్ ఇంటికే వచ్చి కూర్చుంటాడు. ఆమె గెలిచిన తీరును జనం ధిక్కారంగా తీసుకుంటున్నారని, అది ప్రేమ మైకంలో చేసిన పని మాత్రమేనని ఊరూరా తిరిగి నమ్మించాలని హెచ్చరిస్తాడు. ఊళ్లో కొత్త అధికారి దిగుతాడు, వేటాడినందుకు ఆమె స్నేహితుడు గేల్‌ను నలుగురి ముందూ కొరడాతో కొడతాడు, ఇన్నాళ్లూ ఉత్తుత్తిగా ఉన్న కంచెలోకి కరెంటు వస్తుంది. గెలిచినవాళ్లను కూడా అధికారం వదలదని, గెలుపునే వాళ్ల మెడకు ఉచ్చుగా వాడుతుందని పదిహేనేళ్ల పాఠకుడికి ఇంత స్పష్టంగా చెప్పిన పుస్తకాలు ఎక్కువ లేవు.

ఈ పుస్తకంలో ఒక ఘట్టం దగ్గర ఆగాలి. మూడు వేళ్లు పెదవులకు ఆనించి పైకెత్తే సైగ మొదటి పుస్తకంలోనే ఉంది. అక్కడ అది కాట్నిస్ సొంత పన్నెండో జిల్లాలో ఇష్టమైన మనిషికి చెప్పే కృతజ్ఞత, వీడ్కోలు. చావుల దగ్గర అప్పుడప్పుడూ కనిపించే పాత ఆచారం. రెండో పుస్తకంలో పదకొండో జిల్లా ప్రజలు కాట్నిస్‌కి ఒక్కుమ్మడిగా అదే సైగ చేస్తారు. ఆ వెంటనే, పోటీలో చనిపోయిన ఆ జిల్లా అమ్మాయి రూ పాడే స్వరాన్ని అంతకు ముందు ఈలగా వేసిన ముసలాయనను భటులు అక్కడికక్కడే కాల్చి చంపుతారు. వీడ్కోలు అక్కడే ధిక్కారంగా మారిపోయింది. 2014 మేలో థాయిలాండ్‌లో సైన్యం అధికారం లాక్కున్నప్పుడు నిరసనకారులు ఎత్తిన మూడు వేళ్లు ఇవే. 2021లో మయన్మార్ వీధుల్లోనూ ఇవే కనిపించాయి. సినిమాలు ఆ సైగను మరింత దూరం చేర్చిన మాట నిజం. అయినా బ్యాంకాక్ విద్యార్థులకు కావలసింది మొదటి పుస్తకంలోని వీడ్కోలు కాదు, రెండోదాంట్లో ప్రాణం తీసిన అర్థం.

పాట్రిక్ నెస్ ‘కేయాస్ వాకింగ్’ వరసలో ఈ తేడా ఇంకా పదునుగా ఉంటుంది. 2008లో వచ్చిన మొదటి పుస్తకమంతా పరుగే. టాడ్, వయోలా అనే ఇద్దరు పిల్లలు హేవెన్ అనే ఊరు చేరితే చాలనుకుని పరుగెత్తుతారు, తీరా చేరేసరికి ఊరు లొంగిపోయి ఉంటుంది, తరిమిన మేయర్ ప్రెంటిస్ ముందే వచ్చి కూర్చుని ఉంటాడు. 2009 నాటి ‘ది ఆస్క్ అండ్ ది ఆన్సర్’లో ఇక పారిపోవడానికి చోటు లేదు. కథ జరిగే గ్రహపు మూలవాసులైన స్పాకిల్‌ల చేతులకు నంబర్లున్న లోహపు పట్టీలు బిగించే పని టాడ్‌కి అప్పగిస్తారు. అతను చేస్తాడు. వయోలా క్షేమం కోసమని, నేను కాకపోతే ఇంకొకడు ఇంకా క్రూరంగా చేస్తాడని తనకు తాను చెప్పుకుంటాడు. కొన్నాళ్లకు ఆ పట్టీలు ఆడవాళ్ల చేతులకూ వస్తాయి. అవతలి పక్క బాంబులు పేల్చే తిరుగుబాటుదారులు, వాళ్ల నాయకురాలు మిస్ట్రెస్ కోయిల్ కూడా నిర్మలమైన మనుషులేమీ కారు. మంచివాడు ఏ రోజున చెడ్డవాడయ్యాడో వేలు పెట్టి చూపించలేని విధంగా నెస్ రాశాడు, ఆ ఏడు కోస్టా బాలసాహిత్య బహుమతి ఈ పుస్తకానికే దక్కింది.

ఇదంతా ప్రచురణకర్తల వ్యాపారమని, రెండు పుస్తకాల సరుకును మూడుగా సాగదీస్తారని అనేవాళ్లున్నారు. కొంత నిజమే. కాలిన్స్ మూడో పుస్తకాన్ని 2014లో, 2015లో రెండు సినిమాలుగా చీల్చడంలో నాకు కథ అవసరం కనిపించదు. ‘క్యాచింగ్ ఫైర్’ రెండో సగం మళ్లీ ఆ పోటీలోకే వెళ్లడం కూడా చాలామందికి పునరుక్తిగా తోచింది. కానీ ఈసారి లోపల ఉన్నవాళ్లలో సగం మంది ఆ పోటీనే కూలదొయ్యాలని కూడబలుక్కున్నవాళ్లు, ఆ సంగతి కాట్నిస్‌కి తెలియదు. అది తెలిసి రెండోసారి చదివితే ప్రతి స్నేహమూ, ప్రతి అనుమానమూ వేరే అర్థం చెబుతాయి. ముగింపు లేని పుస్తకం అసంపూర్ణమన్న ఆక్షేపణ మనకు అసలే నప్పదు. ఉద్యోగపర్వంలో యుద్ధం జరగదు, ఏదీ తేలదు. అయినా తిరుపతి వెంకట కవుల ‘పాండవోద్యోగం’లో రాయబారం కోసం ఊళ్లకు ఊళ్లు తెల్లవార్లూ కూర్చున్నాయి. జాన్ క్రిస్టఫర్ ట్రైపాడ్స్ కథను బీబీసీ 1984, 85లలో రెండో పుస్తకం దాకా తీసి మూడోది తియ్యకుండా ఆపేసింది. ముగింపు చూడలేకపోయిన బాధ ఉన్నా, ఆ రెండో పుస్తకం ‘ది సిటీ ఆఫ్ గోల్డ్ అండ్ లెడ్’ విలువ దానివల్ల తరగలేదు. ఆ నగరంలో బానిసగా చేరిన విల్‌ను అతని యజమాని పెంపుడు జంతువులా ముద్దు చేస్తాడు, ఆ ఆప్యాయత కొరడాకన్నా భయంకరంగా ఉంటుంది.

బరువైన ఆక్షేపణ తల్లిదండ్రులది. హింస, బందిఖానాలు, చిత్రహింసలు పదమూడు పద్నాలుగేళ్ల పిల్లలకెందుకని వాళ్లు అడుగుతారు. మన ఇళ్లలో పిల్లలు ఈ పుస్తకాలు ఎక్కువగా ఇంగ్లిష్‌లోనే చదువుతారు కాబట్టి, లోపల ఏముందో తెలియని పెద్దలకు ఆ భయం మరింత సహజం. కానీ మొదటి పుస్తకాల్లోనూ చావులు తక్కువేమీ కాదు, వాటికి ఇంత అభ్యంతరం రాదు. అక్కడ చంపేది శత్రువు, తప్పించుకునేది మనవాడు. రెండోదాంట్లో మనవాడి చెయ్యే మరొకరి చేతికి పట్టీ బిగిస్తుంది, ఇబ్బంది పెట్టేది అదే. ఆ ఇబ్బందిని పిల్లలతో కలిసి మాట్లాడాలి తప్ప పుస్తకం లాక్కోకూడదని నేననుకుంటాను. పట్టీలు బిగించిన ఆ పనికి నెస్ క్షమాపణతో సరిపెట్టలేదు. టాడ్ చేతుల్లో 1017 అన్న నంబరుగా మారిన స్పాకిల్, మూడో పుస్తకం ‘మాన్‌స్టర్స్ ఆఫ్ మెన్’లో తన కథ తానే చెబుతాడు. రెండోదాన్ని దాటేసి వచ్చిన పాఠకుడికి అతని కోపం ఎక్కడిదో అంతుపట్టదు.