చేతిరాత మానొద్దు

బెంగళూరులో జపనీస్ నేర్చుకునే తెలుగువాళ్లకు మాట త్వరగానే పట్టుబడుతుంది. క్రియ చివర రావడం, విభక్తి నామం వెనక చేరడం మనకు అలవాటే. చిక్కంతా చదవడంలో, రాయడంలో. హిరగానా, కటకానా చెరో 46 అక్షరాలు, కొద్ది వారాల పని. ఆపైన నిత్యవ్యవహారానికి జపాన్ ప్రభుత్వం నిర్ణయించిన కంజీలు, అంటే చైనా లిపి నుంచి వచ్చిన గుర్తులు, 2,136. చాలావాటికి ఒకటికి మించి ఉచ్చారణలు. జపనీస్ భాషా పరీక్ష జేఎల్‌పీటీలో చేత్తో రాసే పనే లేదు, కంజీని ఫోనే చూపిస్తుంది, ఇంక రాత ఎందుకని అడుగుతారు. బెంగళూరు దగ్గరి బిడది టయోటా ప్లాంటు లాంటి చోట ఉద్యోగానికి టైపింగ్ చాలనీ అంటారు. చాలవచ్చు. కానీ ‘ఎదురుచూడు’, ‘పట్టుకో’ అనే కంజీలకు కుడిభాగం ఒకటే, ఎడమవైపు గీతలే వేరు. ఊరికే చూసిన కంటికి అవి కలిసిపోతాయి. వరసగా గీతలు దిద్దిన చేతికి ఆ తేడా గుర్తుంటుంది.

జపాన్ పిల్లలే 1,026 కంజీలను ఆరేళ్ల ప్రాథమిక బడిలో నేర్చుకుంటారు. ఆరు నెలల్లో అన్నీ వచ్చేస్తాయని మన విద్యార్థులకు ఆశపెట్టడం అన్యాయం. అందుకే ఈ సంచికలో ఎక్కువ పేజీలు కంజీ రాతకే ఇచ్చాం.