పీహెచ్‌డీ వాకిలి దాకే

పరిశోధక విద్యార్థుల కోసం రాస్తున్న వరుసలో ఇది ఇంకొకటి.

మొన్న చేవెళ్ల నుంచి సిటీ బస్సులో వస్తున్నాను. మర్రిచెట్లు దాటాక మొయినాబాద్‌లో ఒక తమ్ముడు ఎక్కాడు. తెలుగులో పీహెచ్‌డీ, రెండో ఏడు. "ముందు థీసిస్ కానీయ్ సార్, పేపర్లు తర్వాత రాస్త" అన్నాడు. నాకు గుండెల్లో కలుక్కుమంది. నేనూ అచ్చం అట్లే అనుకుని మూడేళ్లు పోగొట్టుకున్నాను.

లెక్క చూడండి. యూనివర్సిటీ అసిస్టెంట్ ప్రొఫెసర్ షార్ట్‌లిస్టుకు యూజీసీ 2018 నిబంధనల్లో 100 మార్కుల పట్టిక ఉంది. పీహెచ్‌డీకి 30. పేపర్లకు ఒక్కోదానికి 2 చొప్పున 10 దాకా. బోధనానుభవానికి ఏడాదికి 2 చొప్పున 10 దాకా. డిగ్రీ కాలేజీల పట్టిక వేరు.

థీసిస్ ఇచ్చే ముందు పేపరు అచ్చు కావాలన్న షరతును 2022 నిబంధనలు తీసేశాయి. మనోళ్లు నిమ్మళమయ్యారు. షరతు పోయింది గానీ షార్ట్‌లిస్టులో పేపర్ల మార్కులు పోలేదు! అధ్యాయం పూర్తయినప్పుడల్లా అందులోంచి ఒక వ్యాసం తీసి, పీర్ రివ్యూ ఉన్న పత్రికకే పంపండి. పైసలు గుంజే జర్నళ్ల జోలికి పోకండి. గెస్ట్‌గా గంటల లెక్కన పాఠం చెప్పినా సర్వీస్ సర్టిఫికెట్ ఆ ఏడాదే తీసుకోండి. ప్రిన్సిపాల్ మారితే చెప్పులరిగేలా తిరగాలి.

ఇక అసలు సంగతి. ఈ మార్కులన్నీ ఇంటర్వ్యూ పిలుపు దాకే. ఎంపిక మాత్రం ఇంటర్వ్యూ మీదేనని అవే నిబంధనలు చెబుతున్నాయి. నా మొదటి ఇంటర్వ్యూలో థీసిస్ మీద అడిగింది ఒక్కటే ప్రశ్న. రెండోది, "ఊళ్లో మీ ఇల్లు ఎటువైపు?" చెప్పాను. ఆ తర్వాత ఎవరూ ఏమీ అడగలేదు.

ఐదారేళ్ల చదువును పది నిమిషాల్లో తేల్చే గదికి లెక్క ఉండొద్దా? రిజర్వుడు పోస్టు ముందు "తగినవారు దొరకలేదు" అని రాసేవాళ్లు, ఎందుకు తగరో కూడా రాయాలి. షార్ట్‌లిస్టు స్కోర్లు, ఇంటర్వ్యూ మార్కులు అభ్యర్థుల వారీగా బయట పెట్టాలి. విద్యార్థి సంఘాలు ఫెలోషిప్ కోసం కొట్లాడినంత గట్టిగా దీనికోసమూ కొట్లాడాలి.

అప్పటిదాకా మన పని మనం చేద్దాం. ఉద్యోగం వచ్చిన ప్రతి సీనియర్ ఇద్దరు జూనియర్లను కూర్చోబెట్టి వాళ్ల వ్యాసం దిద్దాలి, ఉత్తుత్తి ఇంటర్వ్యూ చేయాలి. మనకు ఆ మెలకువలు చెప్పే మేనమామలు యూనివర్సిటీల్లో లేరు.

తమ్ముడు ఆదివారం మొదటి అధ్యాయం పట్టుకొస్తానన్నాడు. మీరెవరి వ్యాసం దిద్దుతారో కామెంట్‌లో చెప్పండి.