బీరువాలో దాచిన పెన్నుకు ఏమైంది?

గుంటూరు బ్రాడీపేటలో ఓ లెక్కల మాస్టారు. రిటైరై పన్నెండేళ్లయింది. మనవరాలు అమెరికాలో, డాలస్ దగ్గర. అక్కడ సాయంత్రం ఏడున్నర అయితే ఇక్కడ తెల్లవారి ఆరు. ఆ వేళకల్లా ఆయన స్నానం ముగించి, కాఫీ తాగి, ట్యాబ్ ముందు కూర్చునేవారు. చేతిలో తెల్లటి పెన్ను. ఆయన ఇక్కడ భిన్నాలు రాస్తుంటే అక్కడ పిల్ల తెరమీద అవి కనిపించేవి. తప్పు చేస్తే ఎర్రరంగుతో సున్నా చుట్టేవారు. ముప్పై ఏళ్లు బడిలో చుట్టిన చెయ్యి మరి!

కిందటేడు మే నెలలో పిల్ల పరీక్షలయిపోయాయి. సెలవులొచ్చాయి. ఆ తర్వాత మాస్టారికి కంటి ఆపరేషన్. పిల్లకేమో ఈత క్లాసులు. మొత్తానికి పాఠాలు ఆగిపోయాయి. మాస్టారు పెన్నును మెత్తటి గుడ్డతో తుడిచి, అది వచ్చిన అట్టపెట్టెలోనే పెట్టి, ఇనప్పెట్టె పక్కన బీరువాలో భద్రపరిచారు. ఖరీదైన వస్తువు కదా. కొడుకు పంపింది కూడాను.

పదిహేను నెలలు గడిచాయి. ఈ ఆగస్టులో ఓ రోజు మనవరాలే ఫోన్ చేసింది. "తాతయ్యా, ఆల్జీబ్రా ఒక్క ముక్క అర్థం కావట్లేదు. రేపట్నుంచి మళ్లీ చెబుతావా?" అంది. అడక్కుండానే అడిగింది. మాస్టారికి ఆ రాత్రి సరిగా నిద్ర కూడా పట్టలేదు. తెల్లారకముందే లేచి పెట్టె తీశారు. పెన్ను కొత్తదానిలా మెరిసిపోతోంది. కానీ ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఛార్జింగ్ పెట్టారు. గంటయింది, రెండు గంటలయింది. వైరు మార్చారు. సాయంత్రం షాపుకు తీసుకెళితే కుర్రాడు అటూ ఇటూ తిప్పి చూసి, "దీని పని అయిపోయింది మాస్టారూ. వాడకుండా ఉంచేశారా?" అని అడిగాడు.

వాడితే అరిగిపోతుందని విన్నాం. వాడకపోతే చచ్చిపోవడమేంటి?

ఇలాంటి మాస్టార్లు ఒక్క గుంటూరులోనే లేరు. 2020 లాక్‌డౌన్ రోజుల్లో ఆన్‌లైన్ పాఠాల కోసం ట్యాబులు, పెన్నులు కొన్న ఇళ్లు ఎన్నో. బడులు తెరిచాక అవన్నీ సొరుగుల్లోకి, అటకల మీదికి చేరాయి. ఇప్పుడు ఏ చెల్లాయి డ్రాయింగ్ కోసమో, అన్నయ్య ఇంజినీరింగ్ నోట్సు కోసమో బయటికి తీస్తే తెలుస్తుంది అసలు సంగతి.

సెల్‌ఫోన్లలో ఉన్నట్టే ఈ పెన్నుల్లో చాలావాటిలో ఉండేదీ లిథియం అయాన్ బ్యాటరీయే. 1991లో సోనీ కంపెనీ తొలిసారి మార్కెట్లోకి తెచ్చిన రకం. దీని వెనకున్న ముగ్గురు శాస్త్రవేత్తలకు 2019లో నోబెల్ కూడా వచ్చింది. మంచి బ్యాటరీయే. కాకపోతే దానికో బలహీనత ఉంది. పూర్తిగా ఖాళీ అయ్యి, ఆ ఖాళీలోనే నెలల తరబడి ఉండిపోతే తట్టుకోలేదు.

ఎవరూ వాడకపోయినా బ్యాటరీ తనంతట తానే కొంచెం కొంచెం తరుగుతుంది. మూత పెట్టిన కుండలో నీళ్లు కూడా వేసవిలో తగ్గుతాయి చూడండి, అలాగన్నమాట. లిథియం రకంలో ఈ తరుగుదల తక్కువే. మామూలు వేడిలో నెలకు ఒకటి, రెండు శాతం. దీనికి తోడు లోపలి సర్క్యూట్ కూడా కాస్త కాస్త తాగుతూ ఉంటుంది. చాలా పెన్నులకు ఆన్, ఆఫ్ మీటే ఉండదు. ట్యాబ్ ఎప్పుడు పిలుస్తుందా అని సగం నిద్రలో కాచుకుని ఉంటాయి. సంచిలో కదిలినా కొన్ని మేలుకుంటాయి.

అదే పని ఫోనూ చేస్తుంది కదా, దానికెందుకు ఇంత త్వరగా ముంచుకు రాదు? ఇక్కడే మాస్టారు మెచ్చే లెక్క ఒకటుంది. యాపిల్ సంస్థ 2015లో 99 డాలర్లకు తెచ్చిన తొలి పెన్సిల్‌ను అప్పట్లోనే విప్పి చూసినవాళ్లకు లోపల కనిపించిన బ్యాటరీ సామర్థ్యం 0.329 వాట్ అవర్. మనకు అలవాటైన లెక్కలో చెబితే సుమారు 86 ఎంఏహెచ్. ఇప్పటి ఫోన్లలో 5000 ఎంఏహెచ్ మామూలు. రెండిట్లోనూ 0.1 మిల్లీ యాంపియర్ చొప్పున కరెంటు కారిపోతోందని అనుకుందాం. ఫోను ఖాళీ కావడానికి 50,000 గంటలు... అంటే ఐదున్నరేళ్ల పైనే. పెన్ను 860 గంటల్లో, అంటే 36 రోజుల్లో ఖాళీ! పెద్ద చెరువుకు చిన్న బెజ్జం పడితే ఎవరూ పట్టించుకోరు. చెంబుకు పడితే పూట గడవదు.

సరే, ఖాళీ అయింది. మళ్లీ నింపుకోవచ్చుగా?

కొన్నాళ్ల లోపయితే నింపుకోవచ్చు. పనిచేసే లిథియం బ్యాటరీ వోల్టేజీ సుమారు 3 నుంచి 4.2 మధ్య ఉంటుంది. మరీ కిందికి జారకుండా లోపల ఓ కాపలా సర్క్యూట్ ఉంటుంది. రెండున్నర, మూడు వోల్టుల దగ్గర అది తలుపు మూసేస్తుంది. అయితే తలుపు మూసినా బ్యాటరీ సొంత తరుగుదల ఆగదు. కాపలాదారుకీ కొంచెం జీతం ఇవ్వాలి కదా! అలా నెలలు గడిచేకొద్దీ వోల్టేజీ ఇంకా పాతాళానికి దిగుతుంది. బాగా దిగాక లోపల రాగిరేకు కరగడం మొదలవుతుంది. బ్యాటరీలో ఒక ధ్రువానికి ఆధారం ఆ రేకే. కరిగిన రాగి అక్కడితో ఊరుకోదు. మళ్లీ ఛార్జింగ్ పెట్టగానే ఎక్కడంటే అక్కడ పేరుకుంటుంది. అది రెండు ధ్రువాల మధ్య వంతెనలా పెరిగితే లోపలే షార్ట్ సర్క్యూట్.

అందుకే మంచి ఛార్జింగ్ సర్క్యూట్లు ముందు బ్యాటరీ నాడి పట్టుకుని చూస్తాయి. వోల్టేజీ తక్కువగా ఉంటే సన్నటి ధారలా కరెంటు పంపుతాయి. కాసేపటికి లేచిందా, సరే, మామూలు వేగం అందుకుంటాయి. లేవకపోతే చేతులెత్తేస్తాయి. మాస్టారి పెన్ను మొండికేసింది అనుకున్నారు గానీ, నిజానికి అది ఇంట్లోవాళ్లకు ప్రమాదం రాకుండా చూసుకుంది.

ఇందులో ఓ తమాషా ఉంది. మన ఇళ్లలో బ్యాటరీ అనగానే భయమంతా ఎక్కువ ఛార్జింగ్ గురించే. 2007 ఆగస్టులో నోకియా సంస్థ బీఎల్-5సీ బ్యాటరీలు నాలుగు కోట్ల అరవై లక్షల దాకా వేడెక్కే అవకాశముందని హెచ్చరించినప్పటి గొడవ చాలామందికి గుర్తుండే ఉంటుంది. అంతకుముందు నికెల్ కాడ్మియం బ్యాటరీల కాలంలో ఇంకో మాట చెప్పేవారు. పూర్తిగా అయిపోయాకే ఛార్జింగ్ పెట్టాలని. ఆ మాట ఆ బ్యాటరీలకు చెల్లింది. లిథియానికి అదే విషం. ఇంట్లో ఇన్వర్టర్ బ్యాటరీది మరో స్వభావం. లెడ్ యాసిడ్ రకం కాబట్టి ఎప్పుడూ నిండుగా ఉంటేనే దానికి సుఖం. లిథియాన్ని దాచాలంటే నిండుగానూ వద్దు, ఖాళీగానూ వద్దు. సగం చాలు. ఒకే ఇంట్లో మూడు రకాలు, మూడు పథ్యాలు!

వేడి సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. పుస్తకాల్లో రాసే నెలకు ఒకటి రెండు శాతం తరుగుదల మన రెంటచింతల, రామగుండం ఎండలకు రాసింది కాదు. రేకుల కప్పు కింద అటక మీద పెట్టిన పెన్ను, నీడపట్టున గదిలో పెట్టిన పెన్ను ఒక్కలా ఉండవు. అటక కన్నా బల్ల సొరుగే నయం. అలాగని ఫ్రిజ్‌లో పెట్టేస్తారేమో, అదీ వద్దు. చెమ్మ చేరుతుంది.

మరి ఇప్పటికే మూగబోయిన పెన్నుంటే? ఆశ వదులుకునే ముందు ఓ పని చేయొచ్చు. దాంతోపాటు వచ్చిన పద్ధతిలోనే, మనుషులు మెలకువగా ఉన్న సమయంలో, రెండు మూడు గంటలు ఛార్జింగ్‌లో ఉంచి చూడాలి. కంపెనీ వద్దన్నంత బలమైన ఛార్జరు మాత్రం తగిలించకూడదు. అయస్కాంతంతో ట్యాబ్‌కు అతుక్కునే రకమైతే సరిగ్గా ఆనిందో లేదో చూసుకోవాలి. కొన్నిటికి ప్రాణం వస్తుంది. వచ్చినా మునుపటంతసేపు పనిచేయకపోవచ్చు. రాకపోతే బలవంతం కూడదు. బయటి నుంచి వైర్లు కలిపి "కిక్" ఇస్తామనే వాళ్లుంటారు. కరిగిన రాగి కథ వాళ్లకు తెలియదు. పెన్ను వేడెక్కినా, ఉబ్బినట్టు కనిపించినా అక్కడితో ఆపేయాలి. దాన్ని చెత్తబుట్టలో వేయకుండా ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకు ఇవ్వడం మేలు. 2022లో కేంద్రం తెచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు ఇలాంటి చిన్న బ్యాటరీలకూ వర్తిస్తాయి.

బ్యాటరీ మారిస్తే సరిపోదా అని అడగొచ్చు. గోడ గడియారంలో సెల్లు మార్చినట్టు మార్చే వీలుంటే బాగుండేది. చాలా పెన్నులకు స్క్రూ కూడా ఉండదు. గొట్టాన్ని కోస్తే తప్ప లోపలికి దారి లేదు. కోశాక అది పెన్నుగా మిగలదు. వేలు పోసి కొన్న వస్తువు, లోపల చిటికెనవేలంత బ్యాటరీ పోయిందని మొత్తం పారేయాల్సి రావడం ఏ లెక్కన చూసినా న్యాయంగా లేదు. పెట్టె మీద పెద్ద అక్షరాలతో "నెలకోసారి ఛార్జ్ చేయండి" అని రాయడానికి కంపెనీలకు అయ్యే ఖర్చెంత?

కొత్తగా కొనేవాళ్లకు మాత్రం ఒక దారుంది. రాయడానికి బ్యాటరీయే అక్కర్లేని పెన్నులు ఉన్నాయి. జపాన్‌కు చెందిన వాకమ్ ఈ పద్ధతికి పేరుమోసింది. తెర వెనక సన్నటి తీగచుట్టల వల ఉంటుంది. దాన్నుంచి వచ్చే విద్యుదయస్కాంత తరంగాలను పెన్నులోని చిన్న తీగచుట్ట అందుకుని, ఆ శక్తితోనే తిరిగి జవాబు చెబుతుంది. శాంసంగ్ ఎస్ పెన్ రాసేదీ ఈ పద్ధతిలోనే. 2018లో వచ్చిన నోట్ 9లో దూరం నుంచి ఫొటో తీసే సౌకర్యం కోసం దానికి బ్లూటూత్ కలిపారు. అందుకు కావాల్సిన కరెంటును బ్యాటరీలో కాక సూపర్ కెపాసిటర్‌లో దాచారు. నలభై సెకన్లు ఛార్జ్ చేస్తే అరగంట పనిచేసేది. అది ఖాళీ అయినా రాత ఆగదు. పదేళ్లు బీరువాలో ఉంచినా ఇలాంటి పెన్ను బ్యాటరీ చచ్చిపోవడమన్న ప్రశ్నే రాదు. కాకపోతే ఏ పెన్ను ఏ ట్యాబ్‌కు పనిచేస్తుందో కొనేముందే అడగాలి. ఒకదాని పెన్ను ఇంకోదాని మీద గీత కూడా గీయకపోవచ్చు.

ఉన్నదాన్నే కాపాడుకోవాలంటే, నెలనెలా కచ్చితంగా గుర్తొచ్చే పనికి దీన్ని ముడిపెట్టడం తేలిక. కరెంటు బిల్లు కట్టే రోజో, పాలవాడి లెక్క చూసే రోజో. పది పదిహేను నిమిషాలు ఛార్జింగ్ పెట్టి సగందాకా నింపి, ట్యాబ్‌లో బ్లూటూత్ జత విడదీసి మళ్లీ లోపల పెట్టేయడమే.

బ్రాడీపేట మాస్టారు కొత్త పెన్ను కొనమని కొడుక్కు చెప్పలేదు. చెప్పడానికి మొహమాటం. మర్నాడు పొద్దున్న ఆరింటికి రెండు లావుపాటి నిఘంటువుల మధ్య సెల్‌ఫోన్‌ను బోర్లా ఆనించి, దాని కెమెరా కింద ఓ తెల్లకాగితాల నోటుబుక్కు పెట్టి, నటరాజ్ పెన్సిలుతో ఎక్స్, వై రాయడం మొదలుపెట్టారు. నీడ పడుతోందని మనవరాలు అంటే బల్లను కిటికీ దగ్గరికి జరిపారు. పావుగంట పోయాక పెన్సిలు మొన విరిగింది. "ఒక్క నిమిషం ఆగమ్మా" అని చెక్కుకోవడానికి లేచారు. చెక్కుతున్నంతసేపూ అవతలి నుంచి ఒకటే నవ్వు.