కొరియా కోడి కన్నా ముందు చట్టం రావాలి

బిలాస్‌పూర్ రిటైర్మెంట్ డబ్బు తిరిగే ఊరు. ఆగ్నేయ మధ్య రైల్వేకు 2003 నుంచి ఇదే కేంద్రం. ఎస్‌ఈసీఎల్ బొగ్గు కంపెనీ ప్రధాన కార్యాలయమూ ఇక్కడే. నెలాఖరు వస్తే ఫిట్టర్లు, లోకో పైలట్లు, ఆఫీసు గుమాస్తాలు మెడలో దండలతో ఇళ్లకు చేరతారు. బెంగాల్-నాగపూర్ రైల్వే రోజుల్లో ఉత్తరాంధ్ర నుంచి వచ్చి ఇక్కడే పాతుకుపోయిన తెలుగు కుటుంబాల వాళ్లూ వారిలో ఉంటారు. రైల్వే ఉద్యోగులకు గ్రాట్యుటీ గరిష్ఠ పరిమితే 2024 జనవరి నుంచి 25 లక్షలు. దానికి పీఎఫ్, సెలవుల డబ్బు తోడు. ఇంట్లో డిగ్రీ చదివి ఉద్యోగం దొరకని కొడుకు. ఫ్రాంచైజీ ఏజెంటు వెతుక్కుంటూ వచ్చేది సరిగ్గా ఇలాంటి గడపకే.

రెండుసార్లు వేయించి, తీపీ కారం కలిసిన సాసు పట్టించే కొరియా ఫ్రైడ్ చికెన్ మీద మాకు పేచీ లేదు. బుధవారీ బజారులో సాయంత్రం పూట చికెన్ పకోడీ తిన్న నాలుకకు అది పెద్ద వింతా కాదు. పేచీ అంతా ఆ వ్యాపారం పెరిగే తీరుతోనే. క్యోచోన్ అనే కొరియా బ్రాండు 1991లో గుమి పట్టణంలో చిన్న కొట్టుగా మొదలైంది. 1995లో పుట్టిన బీబీక్యూ ఇప్పుడు 50కి పైగా దేశాల్లో ఉన్నానని చెప్పుకుంటోంది. ఇన్ని దేశాలకు పాకింది ఎక్కువగా ఇతరుల పెట్టుబడితోనే. దేశానికో, ప్రాంతానికో ఒక మాస్టర్ ఫ్రాంచైజీ, అతని కింద ఊరూరా కొట్టు పెట్టేవాళ్లు. అడ్వాన్సు, అద్దె, ఫ్రిజ్‌లు, ఫ్రయ్యర్లు అన్నీ కొట్టు యజమాని నెత్తిమీదే. రాయల్టీ మాత్రం సాధారణంగా అమ్మకాల మీద లెక్కేస్తారు, లాభం మీద కాదు. అంటే నష్టం వచ్చిన నెలలోనూ కట్టాల్సిందే. సాసు, పిండి కంపెనీ చెప్పిన చోటే, చెప్పిన ధరకే కొనాలి.

దీని దెబ్బ ఎలా ఉంటుందో కొరియాకు బాగా తెలుసు. 1997 ఆర్థిక సంక్షోభంలో ఉద్యోగాలు పోయినవాళ్లు చేతికొచ్చిన పరిహారం పట్టుకెళ్లి చికెన్ కొట్లలో పోశారు. 2019లో కేబీ ఫైనాన్షియల్ సంస్థ లెక్క ప్రకారం ఆ చిన్న దేశంలో చికెన్ కొట్లు 87 వేలు. 2018 ఒక్క ఏడాదిలో కొత్తగా తెరిచినవి 6,200 అయితే మూసేసినవి 8,400.

అయితే కొరియా ఊరికే కూర్చోలేదు. 2002లో ఫ్రాంచైజీల కోసమే ప్రత్యేక చట్టం తెచ్చింది, తర్వాత దాన్ని బిగిస్తూ వచ్చింది. ఒప్పందానికి 14 రోజుల ముందే కంపెనీ తన లెక్కలు, మూతపడిన కొట్ల వివరాలు కాగితం మీద పెట్టి చేతికివ్వాలి. 2021 నుంచి, సొంతంగా ఒక కొట్టు కనీసం ఏడాది నడిపి చూపనిదే కొత్త బ్రాండు ఫ్రాంచైజీలు అమ్మడానికి వీల్లేదు. అమెరికాలో ముందస్తు వెల్లడి నియమం 1979 నుంచే ఉంది. మరి మన దగ్గర? 1872 నాటి కాంట్రాక్టు చట్టం, ట్రేడ్‌మార్కుల చట్టం. ఫ్రాంచైజీకంటూ ప్రత్యేక చట్టమే లేదు. సోల్‌లో నోరు విప్పక తప్పని కంపెనీ బిలాస్‌పూర్ వ్యాపార్ విహార్‌లో రంగు బ్రోషరు చూపి సంతకం పెట్టించుకోవచ్చన్నమాట. ఇది మనవాళ్ల డబ్బుకు మన ప్రభుత్వమే కట్టిన తక్కువ విలువ.

చట్టం పెడితే బ్రాండ్లు బెదిరి పోతాయనే వాదన ఉంది. అది చెల్లదు. కొరియా కోడి ప్రపంచమంతా విస్తరించిందే 2002 చట్టం వచ్చాక.

ఆలస్యం చేసే వ్యవధి కూడా లేదు. 2025 నవంబరులో రైల్వే బోర్డు 2017 కేటరింగ్ విధానాన్ని సవరించి, పేరున్న బ్రాండ్ల దుకాణాలకు స్టేషన్ల తలుపులు తెరిచింది. ఈ-వేలంలో ఐదేళ్లకు కేటాయింపు. బిలాస్‌పూర్ లాంటి జంక్షన్ మీద బ్రాండ్ల కన్ను పడకుండా ఉండదు. ఐదేళ్ల గడువులో పెట్టుబడి తిరిగి వస్తుందా లేదా అన్న లెక్క కంపెనీ దగ్గర ఉంటుంది, కొట్టు నడిపే కుర్రాడికి ఎవరు చెబుతారు?

కేంద్రం ఫ్రాంచైజీ చట్టాన్ని వెంటనే తేవాలి. 14 రోజుల గడువు, మూతపడిన కొట్ల జాబితా, సరుకు ధరల వెల్లడి, కట్టిన ఫీజు కొట్టు తెరిచేదాకా బ్యాంకులోనే ఉంచడం, ఈ నాలుగూ అందులో ఉండి తీరాలి. అంతదాకా రైల్వే చేతులు కట్టుకోనక్కర్లేదు. స్టేషన్‌లో స్థలం గెలిచిన బ్రాండు దాన్ని వేరొకరి చేత నడిపించదలిస్తే, ఆ ఒప్పందం ప్రతిని డివిజన్ వాణిజ్య విభాగానికి ఇవ్వాలని వేలం షరతుల్లోనే రాయవచ్చు. దానికి పార్లమెంటు అనుమతి అవసరం లేదు. జోనల్ కార్యాలయం బోర్డుకు రాయాల్సింది ఒక్క ఉత్తరమే.